సొన వడగట్టే గుడ్డ

నా మొదటి ఉద్యోగం గురించి మా అమ్మ ఎవరికీ సరిగ్గా చెప్పేది కాదు. "భీమవరంలో ల్యాబులో చేస్తోందండి" అనేది, అంతే. ఎవరైనా "రక్తపరీక్షలా?" అని అడిగితే "ఆ, అలాంటివే" అని మాట మార్చేసేది. అమలాపురం పక్క పల్లెటూళ్ళో, వీధిలోంచి ఎండుచేపల వాసన వస్తేనే తలుపులు వేసుకునే ఇల్లు మాది. ఆ ఇంటి పిల్ల ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివి, చేపపిల్లల్ని గాజు కల్వంలో వేసి నూరే పనిలో చేరిందని పాపం ఏ నోటితో చెబుతుంది? శనివారం నేను ఇంటికి వెళ్ళేసరికి పెరట్లో నూతి దగ్గర బకెట్టు నీళ్ళు, ఉతికిన బట్టలు సిద్ధంగా ఉండేవి. స్నానం అయ్యాకే లోపలికి. దాని మీద నేనొక మాట అనేదాన్ని, ఆవిడొక మాట అనేది, ఆ తర్వాత ఇద్దరం కూర్చుని పెసరట్లు తినేవాళ్ళం.

ఇది తొంభైల చివరి మాట. భీమవరం చుట్టుపక్కల వరిచేలు చాలావరకు అప్పటికే చేపల చెరువులైపోయాయి. చెరువులు పెరిగాక చేపల జబ్బులు పెరిగాయి, జబ్బులు పెరిగాక మాలాంటి చిన్న ల్యాబులు మందుల షాపుల మేడల మీద పుట్టుకొచ్చాయి. మాది రెండు గదుల ల్యాబు. ఒక గదిలో నీటి పరీక్షలు జరిగేవి, రెండోదానిలో నేను ఉండేదాన్ని. నాకొక మైక్రోస్కోపు, ఒక ఇంక్యుబేటరు, తలుపు సరిగ్గా పడని ఒక ఫ్రిజ్, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవు పాడైనప్పుడు వాడుకోవడానికి ఒక పెద్ద ప్రెషర్ కుక్కరు ఇచ్చారు. ఆటోక్లేవు బాగున్న రోజు నాకు గుర్తులేదు కాబట్టి బాక్టీరియాకి పెట్టే తిండంతా ఆ కుక్కర్లోనే ఉడికేది.

పని చెప్పుకోవడానికి తేలికే. జబ్బు చేసిన చేపపిల్లల్ని ఉప్పునీళ్ళలో నూరాలి. ఆ నీళ్ళని పదింతలు, మళ్ళీ పదింతలు పలచన చెయ్యాలి. మూత ఉన్న గాజు పళ్ళెంలో ఆ తిండి పెరుగులా గడ్డకట్టి ఉంటుంది. దాని మీద ఒక చుక్క పరిచి ఒక రోజు వెచ్చగా ఉంచితే, కంటికి కనపడని ఒక్కొక్క బాక్టీరియా పెరిగి ఒక్కొక్క చుక్కలా పైకి తేలుతుంది. మనకి కావలసిన చుక్కని సన్నటి తీగ కొనతో ఎత్తి ఇంకో పళ్ళెంలో గీతలుగా గియ్యాలి. అందులోంచి మళ్ళీ ఎత్తి మళ్ళీ గియ్యాలి. ఒక్క జాతే మిగిలేదాకా ఇలా వేరు చేస్తూ పోవాలి. ఆ తర్వాత దాన్ని చావకుండా దాచాలి. చంపేదాన్ని పట్టుకున్నాక దాన్ని బతికించి ఉంచడం ఏంటని మా అమ్మ అడిగేది. అది చేతిలో ఉంటేనే ఏ మందుకి చస్తుందో చూడగలం, రేపు ఇంకో చెరువులో జబ్బొస్తే అదో కాదో పోల్చగలం అని చెప్పేదాన్ని. ఆవిడ మాత్రం "శత్రువుని పెంచడం" అనేది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. నూరే ముందు పిల్లల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలని చదువుకున్నాను, పరీక్షలో రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. కానీ చూసేదాన్ని కాదు. పుట్టిన కొద్దిరోజులదాకా చేపపిల్ల ఒళ్ళంతా గాజులా ఉంటుంది, కంటికి ఆనేవి రెండు నల్లటి కళ్ళే. ఆ కళ్ళు చూస్తే ఇక నా చేత్తో నూరడం నావల్ల కాదనిపించేది. అందుకని సంచిలోవి సంచిలోనే వడగట్టి, కల్వంలో వేసి, మొహం పక్కకి తిప్పుకుని నూరేసేదాన్ని. మా ఇంట్లో ఎవరూ లేనంత ధైర్యవంతురాలినని మాత్రం అందరితో చెప్పుకునేదాన్ని.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక ఒక హేచరీ ఓనరుగారు మా ల్యాబుకి వచ్చారు. హేచరీ అంటే చేపలచేత గుడ్లు పెట్టించి పిల్లల్ని లేపే చోటు. వారిది భీమవరానికి ముప్పావుగంట బస్సు దూరంలో, కాలువ గట్టు పక్కన ఉండేది. గుండ్రటి సిమెంటు తొట్లలో నీళ్ళు రాత్రీపగలూ తిరుగుతుంటాయి, ఆ నీళ్ళలో గుడ్లు పగిలి పిల్లలు వస్తాయి. మొదటి మూడు రోజులు వాటికి తిండి అక్కర్లేదు. తల్లి ఇచ్చిన సొన పొట్టకింద చిన్న సంచిలో ఉంటుంది, నోరు కూడా తెరుచుకోదు. నాలుగో రోజున ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనని గుడ్డలో వేసి నీళ్ళలో పిండి పెడతారు. రెండు పూటలు తిన్న పిల్లే చెరువులో నిలబడుతుందని అక్కడి వాళ్ళ నమ్మకం. ఓనరుగారి హేచరీలో ఆ రెండు పూటలు తిన్నాక, ఐదో రోజు తెల్లారేసరికి తొట్టికి తొట్టి చచ్చిపోతోంది.

"ముందు ఇలా లేదండి. తొట్లు చూసుకునే ఆయనా, ఆయన భార్యా హేచరీ కట్టినప్పట్నించీ అక్కడే ఉన్నారు. పిల్లలకి తిండి పెట్టేది ఆవిడే. ఆవిడ హస్తవాసి అలాంటిది, ఆవిడ పెడితే ఒక్క పిల్ల పోయేది కాదు. కిందటేడు ఎండాకాలంలో ఆవిడ పోయింది. అప్పట్నించి ఈయనకి పనిలో మనసు లేదనుకుంటున్నానండి. మీరు చూసి చెప్పండి, జబ్బా, అశ్రద్ధా?" అన్నారు.

అశ్రద్ధని పళ్ళెంలో పెంచి చూపించే విద్య నాకు రాదు. కానీ చూస్తానన్నాను. "ఐదో రోజు పిల్లల్ని పంపండి, చావబోతున్నవి" అని కాగితం మీద రాసిచ్చాను.

మర్నాడు పిల్లల్ని తెచ్చింది ఆ తొట్లు చూసుకునే ఆయనే. అరవై దాటిన మనిషి. తెల్లటి పంచె, భుజం మీద కండువా, ఒళ్ళో పసిపాపని పెట్టుకున్నట్టు బస్సులో పాలిథిన్ సంచిని పట్టుకొచ్చారు. మెట్లెక్కి వచ్చి చెప్పులు బయటే విప్పారు. "ఇవిగోనండి అమ్మాయిగారూ" అని రెండు చేతులతో ఇచ్చారు. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు తీసుకుని కూర్చోకుండానే తాగారు. నేను ఆయన్ని బాబాయిగారూ అని పిలవడం ఆ రోజే మొదలుపెట్టాను.

ఆ వారం పళ్ళేల్లో ఏమీ లేవలేదు. అక్కడొకటీ ఇక్కడొకటీ చుక్క, అది నా చేతిమీదుగా పడిందైనా కావచ్చు. మళ్ళీ తెమ్మన్నాను. బాబాయిగారు మళ్ళీ తెచ్చారు. మళ్ళీ ఖాళీ. నాలుగుసార్లు ఆయన బస్సెక్కి వచ్చారు, నాలుగుసార్లూ నేను మొహం తిప్పుకుని నూరాను, నాలుగుసార్లూ పళ్ళేలు కడిగిన అద్దాల్లా ఉన్నాయి. చిన్న వయసు, చేతిలో కొత్త డిగ్రీ, పళ్ళేల మీద గుడ్డి నమ్మకం. రిపోర్టు రాసేశాను. పిల్లల్లో హానిచేసే బాక్టీరియా కనపడలేదనీ, నిర్వహణ లోపాలు చూసుకోవలసిందనీ. నిర్వహణ లోపం అనే మాట రాసినప్పుడు కాస్త గర్వంగా కూడా అనిపించింది. పెద్ద ఆఫీసర్లు వాడే మాట అది.

తర్వాతి వారం బాబాయిగారు మళ్ళీ వచ్చారు, సంచితో.

"రిపోర్టు ఇచ్చేశాను కదండీ, మళ్ళీ ఎందుకు తెచ్చారు?" అన్నాను.

"ఇంకొక్కసారి చూస్తారేమోనని. ఓనరుగారు చదివారండి. చవితి వెళ్ళాక కొత్తాయన వస్తాడన్నారు. వారి తప్పేం లేదండి, తొట్లు పోతుంటే ఎంతకాలం ఊరుకుంటారు? నన్ను మా తమ్ముడి కొడుకు దగ్గరికి, మండపేట, వెళ్ళిపొమ్మన్నారు."

"మరి మీ ఇల్లు?"

"ఇల్లేముందండి. తొట్ల పక్క గదే. ఆవిడా నేనూ ఇన్నాళ్ళూ ఉన్నది అందులోనే."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది. నేను గర్వపడుతూ రాసిన రెండు మాటలకి ఒక మనిషి భార్యతో బతికిన గది పోతోందని అప్పుడు అర్థమైంది. ఆ సంచి తీసుకున్నాను.

ఈసారి ఒక్క అడుగు కూడా వదలకూడదనుకున్నాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేద్దామని పిల్లని ఒకదాన్ని గాజు పలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. మొట్టమొదటిసారి చూశాను. రెండు నల్లటి కళ్ళు, నాకు కనిపించని దేన్నో చూస్తున్నాయి. చిన్న గుండె కొట్టుకుంటోంది. పొట్టకింద, నిండుగా, సొన సంచి.

ఇంకోదాన్ని పెట్టాను. దానికీ ఉంది. పదింటిని చూశాను, పదింటికీ ఉంది.

"బాబాయిగారూ, ఇవి ఏ రోజు పిల్లలండీ?"

"రెండో రోజువండి."

"నేను అడిగింది ఐదో రోజువి కదా!"

"ఐదో రోజువి మీకెలా ఇస్తామండీ?" అన్నారాయన, నేనేదో అనకూడని మాట అన్నట్టు. "అవి సగం చచ్చి, నీసువాసన కొడుతూ ఉంటాయి. మీరేమో నీసు ముట్టని వాళ్ళు. కన్నవారిని వదిలి వచ్చి ఇక్కడ పని చేసుకుంటున్నారు. అలాంటివి మీ చేతికిస్తే బాగుంటుందాండి? అందుకని మంచి తొట్టిలోంచి చలాకీ అయినవి ఏరి, మూడు నీళ్ళు కడిగి, క్రిములు పోవడానికి ఒకసారి పర్మాంగనేటు మందునీళ్ళలో ముంచి తెస్తున్నానండి. మొదట్నించీ అంతే."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అరిచేశాను. ఏమన్నానో అన్నీ గుర్తులేవు కానీ, "ఇదేమన్నా పెళ్ళిసారె అనుకున్నారా, మంచివి ఏరి తేవడానికి?" అన్నది మాత్రం గుర్తుంది. పక్కగదిలోంచి నీటి పరీక్షలు చేసే ఆయన తల బయటికి పెట్టి చూశాడు. బాబాయిగారు కండువా చేతిలోకి తీసుకుని నిలబడి అంతా విన్నారు. తర్వాత నెమ్మదిగా, "మరి మీరు చూసుకుంటారనుకున్నానండి" అన్నారు.

ఆయన నా మీద జాలితో కడిగి తెచ్చారు, నేను పిల్లల మీద జాలితో చూడకుండా నూరాను. ఇద్దరి మంచితనం కలిసి ఆయన మెడకి చుట్టుకుంది. "పదండి, రేపు నేనే వస్తున్నాను" అన్నాను.

మర్నాడు పొద్దున్న ఏడింటికల్లా హేచరీలో ఉన్నాను. ఆయన గదినిబట్టే మనిషి అశ్రద్ధ చేసేవాడు కాదని తెలుస్తుంది. చాప చుట్టి నిలబెట్టి ఉంది, గిన్నెలు బోర్లించి ఉన్నాయి, లోపల కట్టిన దండెం మీద ఒక్క గుడ్డముక్క అంచుకి అంచు కలిపి ఆరేసి ఉంది. మామిడిపిందె రంగు నేతచీరలోంచి చించినది, ఒక పక్క ఎర్రటి అంచు మిగిలింది. ఆయన గుడ్లు ఉడికించి, పెంకు తీసి, పచ్చసొనని ఆ గుడ్డలో మూటకట్టి నీళ్ళలో ఊరికే అలా ఆడిస్తే పసుపురంగు మబ్బులా విడిపోయి తొట్టిలోకి వెళ్ళింది. పిల్లలు దాని చుట్టూ మూగాయి. పని అవగానే ఆయన గుడ్డని కాలువలో జాడించారు. పిండలేదు, రెండు అరచేతుల మధ్య ఒత్తారు. మళ్ళీ తీసుకెళ్ళి నీడలో దండెం మీద వేశారు.

"ఆవిడదండి. పట్టిసీమ శివరాత్రి తీర్థంలో కొన్నది. అన్నీ అయిపోగా ఇదొక్కటే మిగిలింది" అన్నారు, నేను అడక్కుండానే.

చావబోతున్న ఐదో రోజు పిల్లల్ని తీసుకున్నాను. తొట్టి నీళ్ళు, కాలువ నీళ్ళు, ఉడికిన సొన, అన్నీ వేరువేరు సీసాల్లో పట్టాను. గుడ్డలో చిన్న ముక్క కత్తిరించబోతే ఆయన చెయ్యి అడ్డం వచ్చింది. "కత్తిరించకండమ్మా" అన్నారు. సరేనని దూదిపుల్లతో గుడ్డని రుద్ది ఆ పుల్లనే గొట్టంలో వేసుకున్నాను.

ఈసారి పళ్ళేల్లో ఖాళీ లేదు. జబ్బుపిల్లల పళ్ళెం నిండా మీగడ రంగు చుక్కలు, గుండ్రంగా, నున్నగా. ఉడికిన సొనలో ఏమీ లేదు. కాలువ నీళ్ళలో అలాంటివి రెండో మూడో ఉన్నాయి. గుడ్డ రుద్దిన పళ్ళెం మూత తీశాను. ఒకదాని మీద ఒకటి ఎక్కి పెరిగాయి, మీగడ రంగువే. వేరు చేశాను, గీశాను, మళ్ళీ గీశాను. రంగులు వేసి చూశాను, ఏయే చక్కెరలు తింటుందో పరీక్షలు పెట్టాను. పిల్లలోదీ గుడ్డలోదీ అన్ని పరీక్షల్లోనూ ఒకేలా వచ్చాయి. పుస్తకంలో ఏరోమోనాస్ అంటారు దాన్ని. ఆఖరికి మూడు సీసాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని వేసి, ఒకదానిలో గుడ్డలోంచి తీసినదాన్ని కలిపాను, రెండోదానిలో జబ్బుపిల్లల్లోంచి తీసినదాన్ని కలిపాను, మూడోదాన్ని ఊరికే ఉంచాను. మూడో సీసాలోవే బతికాయి.

జబ్బు దొరికింది. అశ్రద్ధ కాదని తేలింది. కానీ ఆ జబ్బుని రోజూ రెండు పూటలా తన చేత్తో తొట్టిలో కలిపింది బాబాయిగారేనని కూడా తేలింది. మొదటి రిపోర్టు అబద్ధమై ఆయన్ని వెళ్ళగొట్టబోయింది, ఇప్పుడు నిజం రాసినా అదే జరిగేలా ఉంది. రెండు రోజులు ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఓనరుగారికంటే ముందు ఆయనకే చెప్పాలనిపించింది.

ఆదివారం మా ఊరు వెళ్ళకుండా హేచరీకి వెళ్ళాను. గట్టుమీద కూర్చున్నాం. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఆవిడ ఈ గుడ్డని ఎలా ఉతికేవారు బాబాయిగారూ?" అని అడిగాను.

"ఉతకడం ఏముందండి, ఆవిడకంత ఓపిక ఎక్కడిది?" అని నవ్వారు. "గుడ్లు ఉడికే గిన్నెలోనే గుడ్డ కూడా పడేసేది. పొయ్యి ఎలాగూ మండుతోంది కదా, కట్టెలు దండగ ఎందుకనేది. గుడ్లు ఉడికేలోపు అదీ ఉడికేది. పని అయ్యాక మళ్ళీ వేణ్ణీళ్ళలో ముంచి ఈ గట్టుమీద ఎర్రటెండలో పడేసేది. అలా చేస్తే నేతచీర ఎన్నాళ్ళుంటుందండి? నెలకొకటి చీకిపోయేది. ఎన్ని చీరలు పాడుచేసిందో! నేను కేకలేసేవాణ్ణి కూడా. ఇప్పుడిది ఒక్కటే ఉంది కదాని, పొయ్యిలో పెట్టకుండా, ఎండ తగలనీకుండా, నేను జాగ్రత్తగా..."

అక్కడ ఆగిపోయారు. గది వైపు తిరిగి చూశారు.

"అంటే, నేనే చంపుతున్నానా అండి?"

"గుడ్డలో చేరిన బాక్టీరియా చంపుతోందండి. తడిగా, నీడలో, సొన అంటుకుని ఉంటే అది పెరుగుతుంది. ఉడికిస్తే చస్తుంది."

"హస్తవాసి అన్నారే అందరూ?"

"అదే ఆవిడ హస్తవాసి."

"ఆవిడకి తెలిసే చేసేదంటారా?"

"తెలియదనుకుంటానండి. కట్టెలు దండగని చేశారు."

ఆయన నవ్వారు, నవ్వుతూనే కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కాసేపటికి తేరుకుని, "కొత్త మల్లుగుడ్డ తెప్పిద్దాం. ఇది మీరు పెట్టెలో దాచుకోండి. రిపోర్టులో గుడ్డ మార్చమని రాస్తాను, ఎవరి గుడ్డో రాయను" అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు.

"కొత్తగుడ్డతో పిల్లలు బతికాయనుకోండి, ఆవిడ చీర వల్లే చచ్చాయంటారు. ఆ మాట ఆవిడ మీద పడకూడదండి. తప్పు నాది. ఈ చీరే ఉడకబెట్టి పెడతాను. చూడనివ్వండి అందర్నీ."

సాయంత్రం ఓనరుగారు వస్తే బాబాయిగారే ఎదురెళ్ళి మొత్తం చెప్పారు. నా రిపోర్టు నా చేతిలోనే ఉండిపోయింది. "ఉడకబెట్టకపోవడం నా తప్పేనండి. ఈ ఒక్క విడత చూసి, తర్వాత నన్నేం చేసినా సరే" అన్నారు. ఓనరుగారు చాలాసేపు దండెం వైపు చూశారు. ఆయనకీ ఆవిడ గుర్తొచ్చి ఉంటుంది, ఆయన పిల్లలు ఆ గట్టుమీద ఆవిడ చేతి అన్నం తిని పెరిగిన వాళ్ళే. "సరే, కానియ్. నాలుగో రోజు నేనూ వస్తాను" అని మాత్రం అన్నారు.

నాలుగో రోజు ముగ్గురం పొయ్యి దగ్గరున్నాం. గిన్నెలో గుడ్లు, గుడ్ల మధ్య మామిడిపిందె రంగు చీరముక్క. నీళ్ళు మరిగేకొద్దీ అది పైకి లేవడం, బాబాయిగారు గరిటతో లోపలికి నొక్కడం. కాస్సేపటికి నీళ్ళు లేత ఆకుపచ్చగా మారాయి. ఆయన ఒక్కసారి కూడా తల పక్కకి తిప్పుకోలేదు. నేను చూస్తున్నాను, కల్వం ముందు నేను చెయ్యలేని పని అది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఉడికింది. సాయంత్రం సొన పిండుతుంటే అంచు దగ్గర నిలువునా చిరిగింది. చిరుగుని చేత్తో మడిచి పట్టుకుని పని పూర్తిచేశారు.

ఐదో రోజు పొద్దున నేను బస్సు దిగి కాలువ గట్టు మీద దాదాపు పరిగెత్తాను. తొట్టిలో నీళ్ళు తిరుగుతున్నాయి, ఆ నీళ్ళకి ఎదురు, లక్షల నల్లటి కళ్ళు ఈదుతున్నాయి. ఓనరుగారు నా కంటే ముందే వచ్చి తొట్టి గోడ మీద చేతులు ఆనించి చూస్తున్నారు. బాబాయిగారితో, "చవితికి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఈ పిల్లల్ని ఎవరు చూస్తారు?" అన్నారు. బాబాయిగారు తల ఊపి, గుడ్డ ఎండలో వేయడానికి వెళ్ళారు.

ఆ తర్వాత రెండు విడతలకే చీర పూర్తిగా చీకిపోయింది. ఆ కబురు కూడా ఆయనే తెచ్చారు, వానలు వెనకబట్టాక ఒకరోజు ల్యాబుకి వచ్చి. చెప్పులు బయట విప్పి, సీతాఫలాలు తెచ్చానంటూ సంచి బల్లమీద పెట్టారు. "మల్లుగుడ్డ వాడుతున్నానండి ఇప్పుడు. రోజూ ఉడకేస్తున్నాను" అన్నారు. ఈసారి కూర్చుని మంచినీళ్ళు తాగారు. కానీ లేవలేదు. ఏదో అడగాలని ఉన్నట్టు ఫ్రిజ్ వైపు చూస్తున్నారు.

"ఆ రోజు పుల్లతో తీశారు కదండీ. అది పారేశారాండి?"

"లేదండి. దాచాను."

గొట్టం తీసి చూపించాను. ఏటవాలుగా గడ్డకట్టిన తిండి మీద మీగడ రంగు చార ఒకటి, దాని పైన ఊరగాయ జాడీలోలా మునిగేదాకా పోసిన పారఫిన్ నూనె. గాలి తగలకుండా నూనె కాపాడుతుందనీ, అలా ఉంచితే నెలల తరబడి బతుకుతుందనీ, ఆర్నెల్లకోసారి కొంచెం తీసి కొత్త గొట్టంలోకి మారిస్తే ఎన్నేళ్ళైనా ఉంటుందనీ చెప్పాను.

ఆయన గొట్టాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. బస్సులో చేపపిల్లల సంచిని పట్టుకున్నట్టే, రెండు చేతులతో.

"ఇది బతికే ఉందాండి?"

"ఉందండి."

"ఆవిడ చీరలోదేనా?"

"అదే. మీ పిల్లల్ని చంపింది కూడా అదే బాబాయిగారూ."

"తెలుసండి" అన్నారు. ఇంకాసేపు చూశారు. తర్వాత గొట్టం నా చేతిలో పెట్టి, నా వేళ్ళు దాని చుట్టూ మూసి, "చచ్చిపోనివ్వకండమ్మా" అన్నారు.

ఆయన వెళ్ళాక రిజిస్టరు తీశాను. ఏ గొట్టంలో ఏముందో, ఎక్కడ దొరికిందో అందులో ఇంగ్లీషులో రాయాలి. మూలం అన్న గడిలో ఆ నంబరు ఎదురుగా ఫీడ్ స్ట్రెయినర్ క్లాత్ అని నా చేతిరాతే ఉంది. దాన్ని కొట్టేసి తెలుగులో 'ఆవిడ చీర' అని రాశాను. తర్వాత నేను మూడు ల్యాబులు మారాను, మారిన ప్రతిచోటికీ ఒక గొట్టం నాతో వచ్చింది. ఇప్పటికీ ఆర్నెల్లకోసారి కొత్త గొట్టంలోకి మారుస్తాను, రిజిస్టరు మారినప్పుడల్లా ఆ గడిలో అదే మాట తెలుగులోనే రాస్తాను. మొన్నామధ్య కొత్తగా చేరిన అమ్మాయి అది చూసి, "ఇదేంటి మేడమ్, తప్పు పడింది, దిద్దమంటారా?" అని అడిగింది. వద్దన్నాను.